తపాలా బిళ్ళ నేర్పిన పాఠం: మారిషస్ నుంచి చోడవరం దాకా



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని పెద్దలు అడిగినప్పుడు ఏ విషయం ఎంచుకోవాలా అని చాలా ఆలోచించాము. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు మేము ఈ హాస్టలు అన్నం తిని, ఈ ట్యూబులైటు కింద చదువుకున్నవాళ్ళమే. ఇప్పుడు చరిత్రలో పీజీ చేస్తున్నాము. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినది మాతోనే మొదలు. యూనివర్సిటీ గ్రంథాలయంలో వలస కూలీల చరిత్ర చదువుతుండగా ఒక పుస్తకంలో నీలిరంగు తపాలా బిళ్ళ బొమ్మ కనిపించింది. అది మారిషస్ దేశపు బిళ్ళ. గోరంత కాగితం ముక్క, కోట్లు పలుకుతుందట. ఆ బిళ్ళ వెనుక కథ చదివితే అందులో చెరకు తోటలున్నాయి, తెలుగువాళ్ళున్నారు, సింహాద్రి అప్పన్న కూడా ఉన్నాడు. అందుకే దీని గురించి మీకు చెప్పాలనిపించింది.

తపాలా బిళ్ళ ఎందుకు పుట్టింది?

ఉత్తరం పంపేవాడే ముందుగా డబ్బు కడతాడని మనం అనుకుంటాము. పూర్వం ఇంగ్లండులో అలా ఉండేది కాదు. చాలావరకు ఉత్తరం అందుకున్నవాళ్ళే డబ్బు చెల్లించేవారు. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి ధర పెరిగేది. బీదవాళ్ళ ఇంటికి ఉత్తరం వస్తే సంతోషం కన్నా ముందు భయం వచ్చేది. డబ్బు లేక ఉత్తరాన్ని తిప్పి పంపేసేవారు.

రోలండ్ హిల్ అనే ఆయన 1837లో ఒక ఉపాయం చెప్పాడు. దేశంలో ఎంత దూరమైనా ఒకటే ధర, పంపేవాడే ముందుగా చెల్లించాలి, చెల్లించినట్టు గుర్తుగా ఒక చిన్న కాగితం అంటించాలి. ఆ ప్రకారం 1840 మే 6 నుంచి ‘పెన్నీ బ్లాక్’ అనే నల్లటి బిళ్ళ వాడుకలోకి వచ్చింది. ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ అదే. మన దేశమంతటికీ చెల్లే బిళ్ళలు 1854 అక్టోబరు 1న వచ్చాయి. అర అణా బిళ్ళతో దూరం లెక్క లేకుండా తేలికపాటి ఉత్తరం పంపే వీలు కలిగింది. 1879 జూలైలో పావు అణా పోస్టుకార్డు వచ్చింది.

ఇంగ్లండుకు ఏడేళ్ళ తరువాత, మనకంటే ఏడేళ్ళ ముందు, హిందూ మహాసముద్రంలో ఒక చిన్న దీవి సొంత బిళ్ళలు అచ్చు వేసుకుంది. అదే మారిషస్.

మారిషస్ పరిచయం

మారిషస్ ఆఫ్రికా ఖండానికి చెందిన దేశం. మడగాస్కర్ దీవికి తూర్పున ఉంది. ప్రధాన దీవి వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. డచ్చివాళ్ళు తమ రాకుమారుడు మారిస్ పేరు దీనికి పెట్టారు. 1715 నుంచి ఫ్రెంచివాళ్ళు పాలించారు. 1810లో బ్రిటిష్‌వాళ్ళు గెలుచుకున్నారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. సరిగ్గా అదే తేదీన 1992లో గణతంత్రమైంది. రాజధాని పోర్ట్ లూయీ. బ్రిటిష్ కాలంలో అక్కడి ప్రధానమైన పంట చెరకు. మన గోవాడ, అనకాపల్లి వైపు పెరిగినవాళ్ళకు ఆ పంట గురించి వేరే చెప్పనక్కరలేదు.

1847: రెండు చిన్న బిళ్ళలు

అప్పుడు అక్కడి గవర్నరు సర్ విలియం గోమ్. ముందుగా డబ్బు కట్టే తపాలా పద్ధతి పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. పోర్ట్ లూయీ పట్టణం లోపల ఉత్తరానికి ఒక పెన్నీ, దీవిలో ఇతర చోట్లకు రెండు పెన్నీలు. లండను నుంచి బిళ్ళలు తెప్పించకుండా, అక్కడే ఉన్న జోసెఫ్ ఒస్మండ్ బర్నార్డ్ అనే చెక్కడం పనివానికి పని అప్పగించారు. అతను ఒక రాగి రేకు మీద రెండు బొమ్మలు చెక్కాడు. ఒకటి పెన్నీ బిళ్ళ, నారింజ ఎరుపు రంగు. రెండోది రెండు పెన్నీల బిళ్ళ, ముదురు నీలం. రెండింటి మీదా విక్టోరియా రాణి తల. బొమ్మ అడుగున తన పేరు మొదటి అక్షరాలు రెండూ చిన్నగా చెక్కుకున్నాడు.

రేకు మీద ఒక్కో రకానికి ఒక్కో బొమ్మే ఉంది కాబట్టి బిళ్ళలు ఒక్కొక్కటిగా అచ్చు వేయవలసి వచ్చింది. ఒక్కో రకం 500 చొప్పున మొత్తం 1,000 వేశారు. 1847 సెప్టెంబరులో అమ్మకానికి పెట్టారు. బ్రిటన్ వెలుపల బ్రిటిష్ వలస ప్రభుత్వం ఒకటి వేసిన మొదటి బిళ్ళలు ఇవే. సెప్టెంబరు 30న గవర్నరు భార్య తన బంగళాలో నృత్య విందు ఏర్పాటు చేసింది. ఆ ఆహ్వానాల కవర్ల మీద చాలా పెన్నీ బిళ్ళలు అంటించారు. అలాంటి కవర్లు మూడు నేటికీ మిగిలాయి.

ఈ బిళ్ళల ఎడమ అంచున ‘పోస్ట్ ఆఫీస్’ అని ఉంటుంది. మరుసటి ఏడు వచ్చిన బిళ్ళల మీద ‘పోస్ట్ పెయిడ్’ అని ఉంది. తపాలా చెల్లించినట్టు అని దాని అర్థం. బర్నార్డ్ మరిచిపోయి తప్పుగా చెక్కాడని ఒక కథ పుట్టింది. చాలా పుస్తకాల్లో ఆ కథే ఉంటుంది. కాని పరిశోధకులు దానిని అంగీకరించలేదు. ఆ కాలపు తపాలా ముద్రల మీద ‘పోస్ట్ ఆఫీస్’ అనే మాట మామూలుగానే వాడేవారు. తమ్ముళ్ళూ, చరిత్ర చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. బాగున్న కథ అంతా నిజం కానక్కరలేదు.

అరిగిపోయిన రేకు

1848లో బర్నార్డ్ ఒక్కో రకానికి పన్నెండు బొమ్మలున్న రేకులు చెక్కాడు. పన్నెండూ చేతితో చెక్కినవే కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. రెండు పెన్నీల రేకులో ఒక బొమ్మ మీద ‘పెన్స్’ అనే మాటలో ‘సి’ అక్షరం ‘ఓ’ లాగా పడింది. ఆ తప్పు ఉన్న బిళ్ళకు విలువ ఇంకా ఎక్కువ! పరీక్షలో తప్పు రాస్తే మార్కులు పోతాయి గాని, బిళ్ళ మీద తప్పు పడితే ధర పెరుగుతుంది.

ఆ రేకులను సుమారు పదకొండేళ్ళు, 1859 వరకు వాడారు. రాగి మెత్తని లోహం. అచ్చు వేసేకొద్దీ గీతలు అరిగిపోయాయి. మొదట్లో రాణి ముఖం స్పష్టంగా ఉంటుంది. చివరికి వచ్చేసరికి మసక మరకలా మిగులుతుంది. బిళ్ళ ఎంత అరిగిందో చూసి అది ఏ కాలపుదో నిపుణులు చెబుతారు. చరిత్రకారునికి రాజుల శాసనాలు మాత్రమే కాదు, అరుగుదల కూడా సాక్ష్యమే.

కాగితం ముక్క కోట్లు పలికిన విధం

మొదటి 1,000 బిళ్ళల్లో నేటికి మిగిలినవి సుమారు 27 మాత్రమే. మొదట వీటిని ఎవరూ పట్టించుకోలేదు. 1864లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో ఒక వర్తకుని భార్య తన భర్త పాత ఉత్తరాల మధ్య వీటిని గుర్తించింది. అప్పటి నుంచి వెతుకులాట మొదలైంది. 1904లో రెండు పెన్నీల నీలి బిళ్ళను వేలంలో 1,450 పౌన్లకు ఒకాయన కొన్నాడు. ఎవరో తెలివితక్కువవాడు అంత డబ్బు పోశాడని ఒక ఉద్యోగి నవ్వితే, కొన్నది తానేనని బ్రిటిష్ యువరాజు చెప్పాడని అంటారు. ఆయనే తరువాత అయిదవ జార్జి రాజు.

ఇందులో మన దేశం ముచ్చట కూడా ఉంది. రెండు పెన్నీ బిళ్ళలు అంటించి 1850 జనవరిలో మారిషస్ నుంచి బొంబాయికి ఒక ఉత్తరం వచ్చింది. దాదాపు యాభై ఏళ్ళు ఎక్కడ పడి ఉందో గాని, 1897లో మన దేశపు బజారులో ఒక విదేశీయుడు ఆ కవరును గుర్తించి 50 పౌన్లకు కొన్నాడు. 1968లో అది 3,80,000 డాలర్లు పలికింది.

రెండు రకాల బిళ్ళలూ పక్కపక్కనే అంటించిన బోర్డో ఉత్తరం 1993లో సుమారు 40 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే ఏడాది మారిషస్ బ్యాంకు ఒకటి, కొన్ని సంస్థలు కలిసి వాడని బిళ్ళలు రెండు కొని స్వదేశానికి తెచ్చుకున్నాయి. పోర్ట్ లూయీలో 2001లో తెరిచిన బ్లూ పెన్నీ మ్యూజియంలో అవి ఉన్నాయి. వెలుతురుకు రంగు వెలిసిపోతుందని గంటకు కొద్ది నిమిషాలు మాత్రమే దీపం వేసి అసలు బిళ్ళలు చూపిస్తారు. మిగతా సమయమంతా నకళ్ళే కనిపిస్తాయి.

అదే కాలంలో మనవాళ్ళు

ఇంతవరకు ఏ తపాలా బిళ్ళల పుస్తకంలోనైనా దొరుకుతుంది. మేము చెప్పదలచుకున్నది ఇక్కడ నుంచి మొదలవుతుంది.

మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకు పనివాళ్ళు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు వచ్చి దిగారు. ఆ తరువాత దాదాపు ఎనభై ఏళ్ళలో నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దీవికి వెళ్ళారు. వాళ్ళు దిగిన చోటును ఇప్పుడు ఆప్రవాసి ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

కాకినాడ దగ్గర గోదావరి ముఖద్వారంలో కోరంగి అనే పాత రేవు ఉంది. 1839 తుఫానులో ఘోరంగా దెబ్బతిన్నది. అయినా 1843లో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ అక్కడి నుంచి తెలుగు కూలీలను మారిషస్ తీసుకుపోయింది. అందుకే అక్కడ తెలుగువాళ్ళకు ‘కోరంగీలు’ అని పేరు పడింది. తరువాత ఎక్కువ మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కారు. ఆ తెలుగువాళ్ళ సంతతివారు నేటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనం చేసుకుంటున్నారు. అప్పడు, అప్పలసామి వంటి పేర్లు అక్కడ ఇంటిపేర్లుగా నిలిచాయి. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. సింహాచలం కొండ ఇక్కడుంటే అప్పన్న అక్కడెలా ఉన్నాడని అడిగితే సమాధానం ఒకటే. ఓడ ఎక్కిన మనవాళ్ళు వెంట తీసుకుపోయారు.

ఇప్పుడు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి. కోరంగి ఓడ 1843. బిళ్ళలు 1847. గవర్నరు భార్య ఆహ్వానాలకు నారింజ బిళ్ళలు అంటిస్తున్న రోజుల్లో తెలుగు కూలీ ఆ దీవి మీదే చెరకు నరుకుతున్నాడు.

బిళ్ళ ఉంది, అక్షరం లేదు

ఒక లెక్క వేద్దాము. కూలీ నెల జీతం 5 రూపాయలు, పైన తిండి గింజలు. ఆ రోజుల్లో రూపాయి అంటే 2 షిల్లింగులు, అంటే 24 పెన్నీలు. 5 రూపాయలకు 120 పెన్నీలు. 30 రోజులకు పంచితే రోజుకు 4 పెన్నీలు. దీవిలో పక్క తోటలో ఉన్న తమ్మునికి ఉత్తరం పంపాలంటే 2 పెన్నీల బిళ్ళ కావాలి. సగం రోజు కూలి! పైగా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసే పద్ధతి ఉండేది.

డబ్బు ఎలాగో కూడబెట్టాడే అనుకుందాం. రాసేదెవరు? ఓడ ఎక్కినవాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. ఇక్కడ ఇంట్లో ఉన్న తల్లికీ రాదు. ఉత్తరానికి రెండు కొసలు ఉంటాయి. ఒక కొసన రాయడం వచ్చినవాడు, రెండో కొసన చదవడం వచ్చినవాడు ఉండాలి. రెండు కొసలా అక్షరం లేకపోతే మధ్యలో ఎంత గొప్ప బిళ్ళ ఉన్నా ఏం లాభం? ఒకరిని బతిమాలి రాయించుకోవాలి, మరొకరిని బతిమాలి చదివించుకోవాలి. మనసులో మాట ముగ్గురు నలుగురి నోట పడ్డాకే అమ్మకు చేరుతుంది.

ఆ ప్రభుత్వం దగ్గర కాగితాలకు మాత్రం కొదవ లేదు. ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. 1867 చట్టంతో ఒప్పందం ముగిసిన పాత కూలీలు కూడా ఫొటో ఉన్న టికెట్టు వెంట ఉంచుకొని తిరగాలన్నారు. అది లేకపోతే పట్టుకునేవారు. తన పేరున్న కాగితం తానే చదువుకోలేని మనిషి, ఆ కాగితం లేదని శిక్ష అనుభవించాడు. దీని మీద 1871లో ప్లెవిట్జ్ అనే యూరోపియన్ భూస్వామి సహాయంతో 9,401 మంది పాత కూలీల తరఫున అర్జీ పెట్టారు. విచారణకు రాజ కమిషన్ వచ్చింది. నోటితో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా కదలని ప్రభుత్వం, మొర కాగితం మీదకు ఎక్కాక కదిలింది. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి వస్తూ మారిషస్‌లో కొద్ది రోజులు ఆగినప్పుడు, పిల్లలను చదివించుకోమని అక్కడి భారతీయులకు చెప్పారు. ఆయన శతజయంతికి 1969లో మారిషస్ తపాలా బిళ్ళలు వేసింది.

భారతీయుల రాకతో తపాలా బిళ్ళ కూడా మారింది. 1870లలో మారిషస్ పౌన్లు, పెన్నీలు వదిలి రూపాయి లెక్కకు వచ్చింది. 1878లో పాత బిళ్ళల మీదనే ‘సెంట్లు’ అని అదనంగా అచ్చు కొట్టి అమ్మారు. నేటికీ ఆ దేశపు నాణెం పేరు రూపాయే. ఇంకో చిన్న విశేషం. మారిషస్ తపాలా ముద్ర సంకేతం బి-53. మన చోడవరం పిన్‌కోడు 531036 కూడా 53తోనే మొదలవుతుంది. ఇది కేవలం కాకతాళీయం. కాని గుర్తుంచుకోవడానికి బాగుంటుంది.

మా ఇంటికి వచ్చిన ఉత్తరం

ఇదంతా ఎప్పుడో జరిగిన కథ అనుకోకండి. మేము ఇంటరు పూర్తి చేసిన ఏడాది ఒక శిక్షణ కోర్సుకు దరఖాస్తు పెట్టాము. నెలనెలా కొంత డబ్బు కూడా ఇచ్చే కోర్సు. పరీక్ష రాసి, ఆ వేసవిలో విశాఖపట్నంలో ఒక దుకాణంలో పనికి కుదిరాము. అప్పటికి మాకు సొంత ఫోను లేదు. ఇంటర్వ్యూకు రమ్మని కాగితం ఊరికి వచ్చింది. అమ్మ, నాన్న కూలి పనికి వెళ్ళారు. నానమ్మ వేలిముద్ర వేసి తీసుకుంది.

మేము ఊరు వెళ్ళేసరికి తేదీ దాటి పదకొండు రోజులయింది. ‘నీ పేర కాయితం వచ్చింది బాబూ, పాడవుతాదని దేవుడి పటం ఎనకాల పెట్టినాను’ అంది నానమ్మ ఎంతో భద్రంగా తీసి ఇస్తూ. అప్పన్న పటం వెనుక అది చెక్కు చెదరకుండా ఉంది. పసుపు బొట్టు కూడా పెట్టింది. ఆ కాగితం పట్టుకొని ఆఫీసుకు వెళ్ళాము. గడువు దాటిందని లోపలికి కూడా రానివ్వలేదు. ఒక ఏడాది పోయింది. మరుసటి ఏడు డిగ్రీలో చేరాము.

నానమ్మ మీద మాకు కోపం రాలేదు. ఆమె తన చేతనైనంత గౌరవం ఆ కాగితానికి ఇచ్చింది. చదవడం ఒక్కటే ఆమె చేతిలో లేదు. మారిషస్ వెళ్ళిన కొడుకు దగ్గర నుంచి ఉత్తరం అందుకున్న ఏ తల్లి అయినా దానిని అలాగే దాచుకొని ఉంటుందని మాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ సంవత్సరమే మా చెల్లెలు అమ్మకు అంకెలు, మా అందరి పేర్లు నేర్పింది. ఇప్పుడు ఇంటికి ఏ కాగితం వచ్చినా అమ్మ పేరు చూసి, తేదీ చూసి వెంటనే ఫోను చేస్తుంది. మాకు వచ్చిన ఏ పట్టా కన్నా మాకు అది గొప్పగా తోస్తుంది.

తమ్ముళ్ళు చేయదగిన పనులు

1. పాత కవర్లు, కార్డులు పారేయకండి. బిళ్ళను గోళ్ళతో పీకితే చిరిగిపోతుంది. చుట్టూ కాగితం ఉంచి కత్తిరించి, చల్లని నీళ్ళలో పావుగంట నానబెడితే అదే ఊడి వస్తుంది. తెల్ల కాగితం మీద నీడన ఆరబెట్టాలి. తపాలా ముద్ర స్పష్టంగా ఉన్న కవరునైతే కవరుగానే ఉంచండి. ఊరు, తేదీ తెలిపేది ఆ ముద్రే.

2. తపాలా శాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ అనే ఉపకార వేతనం ప్రారంభించింది. 6 నుంచి 9వ తరగతి వరకు చదువుతూ బిళ్ళలు సేకరించే విద్యార్థులకు ఎంపిక పద్ధతిలో ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తారు. వివరాలు మన పోస్టాఫీసులో అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

3. ఈ సెలవుల్లో ఇంటికి ఒక పోస్టుకార్డు రాయండి. ఫోను ఉండగా ఎందుకని అనవద్దు. కార్డు ఇంటికి చేరాక మీరే వెళ్ళి అమ్మ పక్కన కూర్చొని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివించండి. మొదట ఆమె పేరు, తరువాత మీ పేరు, తరువాత తేదీ. అంతకన్నా ఎక్కువ వస్తే మరీ మంచిది.

మ్యూజియంలో అద్దాల వెనుక ఉన్న నీలి బిళ్ళ విలువైనదే. కాని దాన్ని ఎప్పుడూ ఎవరూ ఉత్తరం మీద అంటించలేదు. మన ఇంటికి చేరి, మన అమ్మ చదువుకున్న కార్డు మీది బిళ్ళ పని పూర్తి చేసిన బిళ్ళ.

గుర్తుంచుకోవలసిన సంవత్సరాలు

1834: ‘అట్లాస్’ ఓడ మారిషస్ చేరుట
1840: ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ
1843: ‘కోరంగి ప్యాకెట్’ ప్రయాణం
1847: మారిషస్ మొదటి బిళ్ళలు
1854: భారతదేశమంతటికీ చెల్లే బిళ్ళలు
1871: 9,401 మంది కూలీల అర్జీ
1968: మారిషస్ స్వాతంత్ర్యం

ఆలోచించి జవాబు రాయండి

1. ఉత్తరం అందుకున్నవారే డబ్బు చెల్లించే పద్ధతి వల్ల బీదవారికి కలిగిన నష్టమేమి?
2. 1848 నాటి బిళ్ళలు ఏ కాలంలో అచ్చయినవో ఎలా చెప్పగలము?
3. మారిషస్ తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరు ఎందుకు వచ్చింది?
4. మీ ఇంటికి వచ్చిన పాత ఉత్తరం ఏదైనా ఉంటే, దానిని ఎవరు రాశారు, ఎవరు చదివి వినిపించారు, పెద్దలను అడిగి రాయండి.

నాలుగో ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. అది మీరే రాయాలి. వచ్చే సంచికలో చదవాలని ఎదురుచూస్తుంటాము.

ఇట్లు
మీ హాస్టలు పూర్వ విద్యార్థి, చోడవరం